మిద్దె మీది గోడ

కర్నూల్లో పుట్టాను, కర్నూల్లో పెరిగాను, పెళ్లయి కడపకు పోయేదాకా ఆ ఊరి పొలిమేర దాటి ఎరగను. అటువంటి నాకు కర్నూలు చూపిస్తానని మా చిన్నాయన బస్టాండులో నిలబడి ఉన్నాడు. నా పెట్టె ఇంకా బస్సు మీదినుంచి దించలేదు. నా అయిదేళ్ల కూతురు నిద్రమత్తులో ఏడుస్తోంది. మైదుకూరు దగ్గర మొదలైన దుమ్ము మా ఇద్దరి నెత్తినా పేరుకుపోయి ఉంది. ఆయన మాత్రం పెట్టె సంగతి వదిలేసి, "పాపా, ఈసారి నీకు రాజధాని చూపిస్తా. నువ్వు చూసిపోయిన కర్నూలు కాదిది" అన్నాడు.

చూసిపోయిన కర్నూలట! నేనేదో మద్రాసునుంచి దిగిన చుట్టాన్నయినట్టు. నాకు ఒళ్లు మండింది. మా చిన్నాయన అంతకుముందు భుజాన తువ్వాలు, కాళ్లకు కిర్రుచెప్పులు తప్ప ఇంకో వేషం ఎరగని మనిషి. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా, చేతికి గడియారం. జట్కా తోలే సాయిబును "ఏమండీ, వస్తారా?" అని పిలిచాడు. ఆ సాయిబు మా వీధిలో, మా గేరిలోనే పుట్టి, మా చిన్నాయనతో గోలీలాడిన మనిషి. ఎవర్ని పిలుస్తున్నాడోనని పాపం వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

అది ఆంధ్రరాష్ట్రం ఏర్పడి మా ఊరికి రాజధాని వచ్చిన రెండో ఎండాకాలం. ఆఫీసులకు ఇళ్లు చాలక డేరాలు వేశారు. ఉద్యోగాలతో వచ్చిన కోస్తావాళ్లకు ఉండడానికి కొంపలు లేవు. దాంతో మా ఊళ్లో ప్రతివాడూ ఇంటి యజమాని అయిపోయాడు. గొడ్లపాకకు సున్నం కొట్టి అద్దెకిచ్చినవాళ్లున్నారు. ముందుగదులు అద్దెకిచ్చి వంటింట్లో పడుకున్నవాళ్లున్నారు. మా ఇంటి ముందుగదిలో ఒక కచేరీ గుమాస్తా ఉన్నాడనీ, మిద్దెమీద కొత్తగా కట్టిన గదిలో ఒక ఆఫీసరు కుటుంబం ఉందనీ చిన్నాయన జట్కాలో గర్వంగా చెప్పుకుంటూ వచ్చాడు. మిద్దెమీద ఎక్కడ అని అడగబోయాను. కానీ ఆయన ఆ మాట పూర్తిచేయకుండానే డేరాల వైపు చెయ్యి చాపి, "అదిగో చూడు, అదిగో!" అన్నాడు.

నేను వచ్చింది చూడ్డానికే, కాదనను. కానీ నేను చూడాలనుకున్నది ఇద్దర్ని. ఒకరు మా అవ్వ, నాయనను కన్న తల్లి. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. రెండో ఆమె వెనకింటి పెద్దమ్మ. మేం రెడ్లం, వాళ్లు ముసల్మానులు. అయినా ఆమె నాకు పెద్దమ్మే, వరస కుదరకపోయినా అవ్వకు చెల్లెలే. ఇద్దరూ ఒకే ఏడు కొత్తకోడళ్లుగా ఆ రెండిళ్లలో కాలుపెట్టారట.

ఆ రెండిళ్ల సంగతి చెప్పాలి. మా ఇంటి వెనకగోడా వాళ్లింటి వెనకగోడా ఒక్కటే. మా వాకిలి ఒక గేరిలోకి, వాళ్ల వాకిలి ఇంకో గేరిలోకి. వీధిన పోవాలంటే బజారంతా చుట్టుకుని పోవాలి. పెద్దమ్మ ఘోషా పాటించే మనిషి, వాకిలి దాటదు. మా ఇంట్లోనూ ఆడవాళ్లు బజారున నడిచిపోవడం లేదు. కానీ మా వైపు మిద్దెలన్నీ చదునుగా ఉంటాయి. దూలాల మీద కట్టెలు పరిచి, పైన చౌడుమట్టి వేసి దిమ్మిస కొట్టిన మిద్దెలు. రెండిళ్ల మిద్దెలూ కలిసేచోట మోకాలెత్తు పిట్టగోడ ఒకటి ఉండేది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుంటే చాలు, ఇటునుంచి అటు. నా చిన్నతనమంతా ఆ పిట్టగోడమీద గడిచిందంటే అబద్ధం కాదు. వడియాలు అక్కడే, మిరపకాయలు అక్కడే, నా తలకు నూనె అక్కడే.

వానలకు ముందు ప్రతి ఏడూ మిద్దెకు కొత్తగా చౌడు వేయాలి. లేకపోతే మొదటి వానకే ఇల్లు కారుతుంది. బండ్లమీద చౌడు తోలించి, కూలివాళ్లతో పరిపించి కొట్టించేవాళ్లు. కానీ పిట్టగోడ పొడుగునా ఉండే సందు మాత్రం కూలివాళ్లను ముట్టనిచ్చేవాళ్లు కాదు. నీళ్లు దిగేది అక్కడే. ఒక పక్క గట్టిగా, ఒక పక్క వదులుగా కొడితే పగులు పడుతుంది. ఆ పగులులో దిగిన నీళ్లు ఎవరింట్లో కారతాయో ఎవరూ చెప్పలేరు. అందుకని అవ్వ ఈ పక్కా, పెద్దమ్మ ఆ పక్కా ఎదురెదురుగా కూచుని, చేతుల్లో చెక్కలు పట్టుకుని, ఒకరి దెబ్బకు ఒకరు దెబ్బ కలుపుతూ కొట్టుకుంటూ పోయేవాళ్లు. దెబ్బ దెబ్బకూ ఊరి కబుర్లు. ఆ పని ఒక పూటలో అయ్యేదే, వాళ్లు మాత్రం సాగదీసి సాగదీసి చేసేవాళ్లు.

ఆ సాయంత్రం కాళ్లు కడుక్కుని, కూతుర్ని అవ్వ ఒళ్లో పడేసి, మిద్దె మెట్లెక్కాను. పైకి పోయి నిలబడిపోయాను. పిట్టగోడ లేదు. దాని చోట ఇటుకలతో, సున్నంతో గోడ. నా తలకంటే ఎత్తు. ఈ కొసనుంచి ఆ కొసదాకా, చెయ్యి దూరే సందు కూడా లేకుండా. ఆ మూల కొత్తగది, దాని ముందు ఆఫీసరుగారి బట్టలు ఆరేసి ఉన్నాయి. నేను వెర్రిదానిలా గోడమీద చెయ్యిపెట్టి "పెద్దమ్మా!" అని కేకేశాను. అటునుంచి పలుకు లేదు.

కిందికి దూకినట్టే దిగాను. "అవ్వా, ఏందది?" అన్నాను.

అవ్వ నా కూతురి నెత్తి తుడుస్తూ, "గోడ" అంది.

"గోడని నాకూ కనిపించింది. ఎవరు కట్టమన్నారు?"

"పైన కాపురముండేవాళ్లకు మరుగు కావాలంట" అంది అవ్వ, నా మొహం చూడకుండా.

"నువ్వు పెద్దమ్మను చూసి ఎన్నాళ్లయింది?"

"చలికాలంలో కట్టినారు" అంది అంతే. నాకు అర్థమైంది. చలికాలంనుంచి అవ్వ ఆమె మొహం చూడలేదు. ఒక్క గోడకు అటూ ఇటూ ఉండి. జట్కా కట్టించుకుని పోలేకపోయావా అంటే, "ఏం మొగం పెట్టుకోని పోయేది అమ్మీ? నా ఇంటిమీద గోడ లేసినాది. నేను కట్టిచ్చినాననుకోదూ? కోపమొచ్చింటాది. గోడెనక నిలబడి రెండుమాట్లు పిలిస్తి. పలకల్యా" అంది. మా అవ్వ గొంతు ఎప్పుడూ ఇల్లు ఎగిరిపోయేట్టు ఉండేది. ఆ రోజు ఆ గొంతు నాకు వినడానికే కష్టమయింది.

చిన్నాయనను నిలదీశాను. ఆయన ఏమాత్రం తొణకలేదు. "ఆఫీసరు అంటే మాటలా పాపా? వాళ్ల ఇల్లాలు పైన మసలుతా ఉంటాది. ఎవురెవరో గోడలు దాటుకోని వస్తాంటే మర్యాదగా ఉంటాదా?" అన్నాడు.

"ఎవరెవరో కాదు, పెద్దమ్మ."

"అదే చెప్తాండా. కాలం మారినాది. ఇది రాజధాని." అని, నేను నోరు తెరిచేలోపల, "పొద్దున్నే లేచి రెడీగా ఉండు, బురుజు చూసొస్తాం" అన్నాడు.

పెద్దమ్మ ఇంటికి జట్కా కావాలంటే దొరకదు. బురుజుకు కావాలంటే పొద్దు పొడవకముందే వాకిట్లో ఉంటుంది. ఆ వారమంతా అదే తంతు. నా చిన్నప్పుడు ఆ బురుజు మీద మేకలు పడుకునేవి. దాని మెట్లమీద నేను పడి మోకాలు చిట్లించుకున్న మచ్చ ఇంకా ఉంది. చిన్నాయన నాకు ఆ బురుజు వేలుపెట్టి చూపించి, "ఎంత ఎత్తుందో చూసినావా!" అన్నాడు. మూడోనాడు హంద్రీ ఒడ్డున గుమ్మజు, ఎవరో నవాబు గోరీ. ఇంకోనాడు తుంగభద్ర. ఎండాకాలంలో తుంగభద్రలో ఏముంటుంది, బండలూ, వాటి మధ్య చెలమలూ, చెలమల చుట్టూ బిందెలతో కొట్లాడుకునే ఆడవాళ్లూ. ఊళ్లో జనం రెండింతలయ్యారు, నీళ్లు మాత్రం పెరగలేదు. చిన్నాయన అక్కడ నిలబడి సెక్రటేరియట్ గురించి మాట్లాడాడు. నా పక్కన ఒకావిడ బిందె పట్టుకుని ఆయన మొహంలోకి అదోరకంగా చూసింది. ఆమె చూపే నాది కూడా.

ఆఖరికి డేరాలు కూడా చూపించాడు. డేరాల్లో ఏం చూస్తారు? ఫైళ్లు గాలికి ఎగరకుండా వాటిమీద రాళ్లు పెట్టుకుని గుమాస్తాలు చెమటలు తుడుచుకుంటున్నారు. నా కూతురు "సర్కసు ఎక్కడ?" అని అడిగింది. చిన్నాయనకు కోపమొచ్చింది. నాకు మాత్రం ఆ వారంలో అదొక్కటే నవ్వు.

పెద్దమ్మ ఇంటికి ఎప్పుడు అని రోజూ అడుగుతూనే ఉన్నాను. "పోదాం పోదాం" అనేవాడు. "ఈరోజు ఎండ" అనేవాడు. చిన్నమ్మను అడిగితే "మీ చిన్నాయన్నే అడుగు" అనేది. అవ్వ మాత్రం నేను అడిగినప్పుడల్లా చేసే పని ఆపి ఆయన మొహంలోకి చూసేది. ఆయన మాట మార్చగానే మళ్లీ పనిలో పడేది. తన ఇల్లు, తను కాపురం చేసిన ఇల్లు, తను ఏళ్ల తరబడి చౌడు కొట్టిన మిద్దె. ఆమెనొక మాట అడిగినవాడు లేడు.

సరే, ఇంత రభసకూ కారణం ఆ ఆఫీసరు భార్య కదా, ఆమెనే నాలుగు దులుపుదామని ఒక పొద్దున పైకి పోయాను. చిన్నపిల్ల, నా ఈడు కూడా ఉండదు. పీట వేసి కూచోబెట్టింది. నేను మాటలు కూడదీసుకుంటుంటే ఆమే మొదలుపెట్టింది. "మాట్లాడే దిక్కు లేదండీ ఇక్కడ. ఆయన పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాకే రావడం. పక్కింటి ఆడవాళ్లెవరైనా ఉంటే బాగుండును, చూస్తే చుట్టూ గోడలు" అంది.

"ఈ గోడ మీరు కట్టమన్నది కాదూ?"

"నేనా? మేం వచ్చేసరికే ఉందండీ. పాతదనుకున్నాను."

ఆఫీసరు అడగలేదు, ఆఫీసరు భార్య అడగలేదు. అడక్కుండానే, వాళ్లు అడుగుతారేమోనని, వచ్చేవాళ్లు మెచ్చుకుంటారేమోనని మా చిన్నాయన తన తల్లికి ఊపిరాడకుండా గోడ కట్టాడు. అంతకంటే ఆ ఆఫీసరు దుర్మార్గుడైనా నేను సంతోషించేదాన్ని.

ఆ మర్నాడు సుంకేసుల ఆనకట్ట చూపిస్తానని చిన్నాయన జట్కా తెప్పించాడు. ఆయన లోపల చొక్కా మార్చుకుంటుండగా నేను అవ్వను చెయ్యిపట్టి వాకిట్లోకి లాక్కొచ్చాను. "యాడికి అమ్మీ? యాడికే?" అంటూనే ఉంది. జట్కాలో కూచోబెట్టి, తెర దించి, సాయిబుతో "వెనక గేరికి పోనీ అన్నా" అన్నాను. ఆ సాయిబు ఒక్క మాట అడగలేదు. గుర్రాన్ని అదిలించాడు. చిన్నాయన ఒక చేతికి చొక్కా తొడుక్కుని బయటికొచ్చేసరికి మేం మలుపు తిరిగాం. దారిపొడుగునా అవ్వ నన్ను తిట్టింది. తిడుతూనే చీర చెంగు సరిచేసుకుంది, నెత్తి సవరించుకుంది.

పెద్దమ్మ కోడలు తలుపు తీసింది. లోపల నడవలో మంచం మీద పెద్దమ్మ కూచుని ఉంది. చిక్కిపోయింది. నన్ను చూసి, "బేటీ!" అని రెండు చేతులూ చాపింది. నా వెనక అవ్వను చూసి ఆ చేతులు అట్లాగే ఆగిపోయాయి. అవ్వ నిలబడే ఉంది. ఆ ఇంట్లోకి వాకిలి గుండా రావడం ఆమెకు అదే మొదలు, ఎక్కడ కూచోవాలో తెలియలేదు.

"చెల్లీ" అంది చివరికి. "ఆ గోడ నేనే కట్టిచ్చినా. పైన కొత్తోళ్లు వచ్చినారు, వాళ్లకు మరుగు గావాల్నంటే కట్టిచ్చినా. నీకొకమాట చెప్పల్యా. తప్పు నాదే."

దారంతా నేను అనుకున్నది వేరు. అవ్వ ఏడుస్తుందనుకున్నాను, కొడుకును నాలుగు మాటలంటుందనుకున్నాను. మా అవ్వ అబద్ధం ఆడగా నేనెప్పుడూ వినలేదు. కొడుకు మర్యాద పోకూడదని, తనకున్న ఒక్క స్నేహితురాలి ముందు తప్పు తననెత్తిన వేసుకుంది.

పెద్దమ్మ కళ్లు చికిలించి అవ్వను చూసింది. "నువ్వు యాడ కట్టిచ్చినావక్కా? నేను గదా కట్టిచ్చింది" అంది.

"నువ్వా?"

"ఊఁ. కొత్తకోడలు వచ్చినాది. మీ ఇంట్లో ఎవురో మొగోళ్లు దిగినారంట. ఘోషా ఇల్లు గదా. నేనే మావాణ్ణి కట్టియ్యమన్నా. నీకు చెప్పకపోతిని. శానా పరేషాన్‌గా ఉండాది అక్కా, నీకు కోపమొచ్చిందేమోనని."

"నేను కట్టిచ్చినానంటాంటే!"

"ఇటుకలు తెచ్చింది మావాడు!"

"సున్నం మాది!"

నేనింక పట్టలేకపోయాను. "అవ్వా, ఎందుకట్ల అబద్ధాలు చెప్తావు? పెద్దమ్మా, అది చిన్నాయన కట్టించాడు. ఆమెను అడగను కూడా లేదు!" అని అరిచాను.

ఇద్దరూ ఒక్కసారే నావైపు తిరిగారు. "నువ్వూరుకో!" అన్నారు ఇద్దరూ. అవ్వ అయితే, "ఇంట్లో నన్నడక్కుండా ఇటుక లేస్తాదా? పిల్లముండకు ఏం తెలుసు?" అని నామీద విరుచుకుపడింది.

ఆ తర్వాత మళ్లీ గోడ మాట ఎత్తలేదు. అవ్వ మంచం పక్కన కింద కూచుంది. కాళ్లనొప్పుల గురించి మాట్లాడుకున్నారు, నీళ్ల కరువు గురించి మాట్లాడుకున్నారు. పెద్దమ్మ అడిగింది, "ఈ ఏడు చౌడు తోలిచ్చినారా అక్కా?"

"ఇంకా ల్యా. తోలియ్యాల."

"సందు జాగర్తగా కొట్టు. పోయినేడు మూలన కారినాది."

"నా పక్క నేను కొడతాలే. నీ పక్క నువ్వు కొట్టు."

ఏ సందు? ఆ సందుమీదే కదా గోడ నిలబడింది! చెయ్యి దూరే చోటు లేదక్కడ, ఇంక చెక్క ఎక్కడ పెడతారు? ఆ సంగతి వాళ్లిద్దరికీ నాకంటే బాగా తెలుసు. తెలిసే అట్లా మాట్లాడుకుంటున్నారు, ఎప్పటిలాగే ఎదురెదురుగా కూచుంటామన్నట్టు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. కట్టినవాళ్లమీద కంటే వీళ్లిద్దరిమీద ఎక్కువ వచ్చింది.

వాకిట్లో పెద్దమ్మ కోడలు నా చెయ్యి పట్టుకుంది. తలుపు వెనక నిలబడి గుసగుసగా, "మా ఆయనా, మీ చిన్నాయనా మాట్లాడుకుని కట్టినారక్కా. మావాళ్లు కూడా పైన గది వేయాలనుకుంటాండారు. అత్తను అడగలేదు. మీ అవ్వ పిలిచినప్పుడు అత్త ఇటుపక్క నిలబడే ఉన్నింది. కొడుకు చేసిన పనికి ఏం జవాబు చెప్పాల్నో తెలీక పలకల్యా" అంది.

జట్కాలో ఇదంతా అవ్వకు చెప్పాను. వింటుందనుకున్నాను. "నాకు తెలుసులే" అని తెర పక్కకు తీసి బజారు చూస్తూ కూచుంది.

మర్నాడు పొద్దున చిన్నాయన సంగటికి కూచున్నాడు. ఆనకట్ట ప్రయాణం తప్పిపోయిందన్న కోపం ఇంకా మొహంమీద ఉంది. నేను ఆయనెదురుగా నిలబడి, "చిన్నాయనా, ఆ గోడ పడగొట్టించు. ఆఫీసరు భార్య కూడా వద్దంటోంది. అంత మరుగు కావాలంటే గది చుట్టూ కట్టుకో" అన్నాను. వడ్డిస్తున్న చిన్నమ్మ చెయ్యి ఆగింది.

ఆయన నవ్వాడు. "మా అమ్మ అడిగినాదా? ఆమె నోటితో ఒక్కమాట అంటే ఈపొద్దే పడగొట్టిస్తా. పిలువు ఆమెను, అడుగు" అన్నాడు. ఆమె అడగదని ఆయనకు తెలుసు. ఆ ధీమాతోనే అన్నాడు.

నేను పిలిచాను. అవ్వ చేటలో జొన్నలు చెరుగుతోంది, చేటతోనే వచ్చి నిలబడింది. "అవ్వా, చెప్పు. గోడ తీసేయమని ఒక్కమాట చెప్పు. చిన్నాయన తీయిస్తానంటున్నాడు."

అవ్వ చేటలో ఒక రాయి ఏరి పారేసింది.

"వద్దులే అమ్మీ" అంది.

"ఎందుకొద్దు?"

"నేను కట్టిచ్చినానని చెప్పి వస్తి గదా. ఇప్పుడు తీసేస్తే, నిన్న నేను చెప్పింది అబద్ధమని బయటపడతాది. అప్పుడు ఎవురు కట్టినారని నలుగురూ అడుగుతారు. ఎవురి పేరు చెప్పాల?"

చిన్నాయన చేతిలో ముద్ద అట్లాగే ఉంది. ఆయన తలెత్తి తల్లిని చూశాడు. "ఏమని చెప్పినావమ్మా ఆమెకు?" అన్నాడు.

"తిను నాయనా" అంది అవ్వ. "సంగటి చల్లారిపోతాంది."

ఆయన తలొంచుకుని తిన్నాడు. ఇంకో ముద్ద వేయించుకుని మరీ తిన్నాడు.